బ్రయర్ ముక్క
నాకు పొగతాగే అలవాటు లేదు. అయినా ఫ్రాన్సులో, జూరా కొండల నడుమ ఉన్న సాన్-క్లోద్ అనే చిన్న ఊళ్లో పొగతాగే పైపులు చేసే ఒక పనివాడి బల్ల పక్కన పూటంతా నిలబడిపోయాను. 19వ శతాబ్దం మధ్య నుంచి ఆ ఊరికి బ్రయర్ పైపులతోనే పేరు.

బ్రయర్ అంటే కొమ్మ కాదు. మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా అర్బోరియా పొదకు, కాండమూ వేరూ కలిసేచోట మట్టిలో ఊరే గడ్డ. దాన్ని కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి, నెలల తరబడి ఆరబెడతారు. నిప్పుకు త్వరగా కాలదు.

ఆ పనివాడు మొదట గడ్డ ముక్కలో పొగాకు నింపే గిన్నె తొలిచాడు. తర్వాత కాడ వైపు నుంచి సన్నని పొగదారి. అది సరిగ్గా గిన్నె అడుగున తెరుచుకోవాలి. సన్నని తీగ దూర్చి చూసి, తృప్తిగా తల ఊపాడు. ఆపైన ఆకురాయి, ఉప్పుకాగితం. రుద్దుతుంటే మంటలాంటి గీతలు పైకి తేలుతుంటే నాకు ఊపిరి ఆగినంత పనైంది.

అంతలో గిన్నె అంచు దగ్గర ఆవగింజంత గుంట బయటపడింది. గడ్డలో పుట్టుకతోనే ఉన్న లోపం, ఎవరి తప్పూ కాదు. అంత సేపు పడిన శ్రమను ఆయన మారుమాట లేకుండా పక్కన పెట్టి, మరో ముక్క అందుకున్నాడు. ఆ ఓపికకు మనసులోనే దండం పెట్టాను.

అడిగితే ఆ పైపు నాకే ఇచ్చేశాడు. ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. ఆ గుంట మీదికి వేలు దానంతట అదే పోతుంది.