సంక్రాంతి రాత్రి ఆకాశంలో ఉలి

ఈసారి పండక్కి ఊరెళ్లడానికి టికెట్ దొరకలేదు, చెన్నైలోనే ఉండిపోయా. ఫ్లాట్‌లో ఒక్కడినే కూర్చోలేక రాత్రి మహాబలిపురం దాటి బండి ఆపి ఇసకలో కూలబడ్డా. ఓరియన్ అనే చుక్కల గుంపు సరే ఎవడైనా గుర్తుపడతాడు, నేను వెతికింది కైలమ్ అనే ఇంకో గుంపుని. అంటే ఉలి. మా తాత ఆళ్లగడ్డలో రాతిపని చేసేవాడు లెండి, అందుకే ఆ పేరు చూడగానే పట్టుకుంది.

ఓరియన్ కింద కుందేలు, దానికింద పావురం (ఇవీ చుక్కల గుంపులే), ఆ పావురానికి కుడిపక్కన చూడాలి. తొమ్మిదింటప్పుడు దక్షిణాన బానే పైకొచ్చింది, కానీ ఉందా అంటే ఉంది లేదా అంటే లేదు... దాంట్లో అన్నిటికన్నా మెరిసే చుక్కే 4.4 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకన్నమాట), 66 కాంతి సంవత్సరాల దూరం, చెన్నై సిటీ లైట్లలో అయితే మర్చిపోవాల్సిందే. ఎడమపక్కన కానోపస్ చుక్క, మన అగస్త్యుడు, మాత్రం ధగధగా వెలిగిపోతున్నాడు (ఆయనకేం, రాత్రి చుక్కల్లో మెరుపులో సెకండ్ ర్యాంక్).

1751-52లో లకాయ్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త దక్షిణాఫ్రికా కేప్‌లో కూర్చుని దాదాపు 10,000 చుక్కలు కొలిచి, ఖాళీగా కనిపించిన చోటల్లా ఎక్కువగా పనిముట్ల పేర్లే పెట్టేశాడు, మొత్తం 14 కొత్త చుక్కల గుంపులు. దేవుళ్లూ లేరు, రాజులూ లేరు, నాకైతే అదే నచ్చింది. అసలైతే ఆయన ఉద్దేశం రాయి చెక్కే ఉలి కాదట, రాగిరేకు మీద బొమ్మలు గీసే పనిముట్టు.

పర్లేదు, మా తాతదే అనుకున్నా. ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ "అన్నం తిన్నావా" అంది.