మూలా నక్షత్రం రోజు కొండవీటికి

మూలా నక్షత్రం రోజు బెజవాడలో ఉన్నవాళ్ళకి రెండే పనులు. అమ్మవారి దర్శనానికి క్యూలో నిలబడటం, లేకపోతే దర్శనానికొచ్చిన చుట్టాలకి వండి పెట్టటం. పద్దెనిమిదేళ్ళుగా నేను రెండోది చేస్తున్నాను. ఈసారి వారం ముందే అందరికీ ఫోన్ చేసి చెప్పేశాను, "మేం ఊళ్ళో ఉండట్లేదు, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్తాం, గ్యాస్ నిండుగా ఉంది" అని.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. వారధి ఎక్కేసరికి వెనకాల ఇంద్రకీలాద్రి సీరియల్ లైట్లతో పెళ్ళివారిల్లులా ఉంది. కింద చీకట్లో కృష్ణ హోరు మాత్రమే వినిపిస్తోంది. గుంటూరు వైపు నుంచి బస్సులు, ఆటోలు, కాలినడకన వచ్చేవాళ్ళు, అందరూ అమ్మవారి దగ్గరికే. మా కారొక్కటే ఎదురెళ్తున్నట్టుంది. మా ఆయన స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి లెంపలేసుకుని, "తల్లీ, ఇది నా ఐడియా కాదు" అన్నారు.

ఐడియా నాదే. దానికి నా బరువు కథ కొంచెం చెప్పాలి.

కిందటేడు శీతాకాలం సెలవలకి ఒక వెల్‌నెస్ రిసార్టుకి వెళ్ళాం. ఐదు రోజుల ప్యాకేజీ, ఇద్దరికీ కలిపి 46 వేలు. పొద్దున యోగా, మధ్యాహ్నం ఒక రసం, సాయంత్రం ఇంకో రంగు రసం. ఐదోరోజు మెషీన్ ఎక్కితే రెండు కిలోల మూడొందల గ్రాములు తగ్గాను. చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయ్యేసరికి మూడు కిలోలు పెరిగాను. తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, తిండి ఒక్కసారిగా మానేస్తే మొదట కరిగేది కొవ్వు కాదట. ఒంట్లో దాచిపెట్టుకున్న పిండిపదార్థం, గ్లైకోజెన్ అంటారు, అది ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. ఆ నీళ్ళు పోతే ముల్లు దిగుతుంది, మళ్ళీ అన్నం తినగానే ఎక్కుతుంది. అంటే కొవ్వు దాదాపు కదల్లేదు. 46 వేలు మాత్రం కదిలాయి.

ఆ తర్వాత చేయించిన రక్తపరీక్షలో పరగడుపు షుగర్ 112 వచ్చింది. "ఇంకా షుగర్ కాదు, గుమ్మంలో నిలబడి తలుపు కొడుతోంది" అన్నారు డాక్టరు గారు. 126 దాటితే లోపలికి వచ్చినట్టట. బరువు 78. నడుము టేపుతో కొలిస్తే 98 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. టేపు తప్పేమోనని ఇంకో టేపుతో కూడా కొలిచాను.

2025 మే నెలలో యోగాంధ్ర అని రాష్ట్రమంతా నెల రోజులు హడావుడి జరిగింది కదా, జూన్ 21న విశాఖ సముద్రం ఒడ్డున మూడు లక్షల మంది ఆసనాలు వేశారు. ఆ ఊపులో మా కాలనీ పార్కులోనూ క్లాసు మొదలైంది. మొదట అరవై మంది. జూలై వర్షాలకి పదకొండు మందిమి మిగిలాం. నేర్పేది రిటైరైన లెక్కల మాస్టారు. అందుకే నేను మిగిలానేమో. రెండో వారమే అడిగాను, "ఇది చేస్తే ఎన్ని కిలోలు తగ్గుతానండీ?" అని.

"నీ బరువుకి గంటసేపు ఇలా నింపాదిగా ఆసనాలు వేస్తే సుమారు 200 క్యాలరీలు పోతాయమ్మా. ఇంటికెళ్తూ బండి దగ్గర ఆగి వేడి పునుగులు నాలుగు తింటే లెక్క సరి."

"మరెందుకండీ ఇదంతా?"

"ఆకలి ఏదో, ఆబ ఏదో తెలియడానికి."

అప్పటికి అర్థం కాలేదు. రెండు నెలలు ముల్లు కదల్లేదు. కానీ ఆఫీసులో నెలాఖరు టెన్షన్‌కి సాయంత్రం ఐదింటికి చేగోడీల ప్యాకెట్ వైపు చెయ్యి వెళ్ళేముందు, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి ఊపిరి వదిలే అలవాటు పడింది. పది ఊపిర్లయ్యాక సగం రోజులు చేగోడీ అక్కర్లేదనిపించేది. మిగతా సగం రోజులు తినేదాన్ని, అబద్ధం చెప్పను. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గింది. నిద్ర బాగా పట్టింది. దసరా నాటికి 73 కిలోల 600, నడుము 91.

సెలవలకి మాస్టారు పెట్టిన హోంవర్కు ఒక్కటే. "ఎక్కడికైనా వెళ్ళండి. కారు ఆపాల్సిన చోట ఆపకండి, ముందే ఆపి దిగండి."

గుంటూరు బ్రాడీపేటలో వదినని ఎక్కించుకునేసరికి తెలతెలవారుతోంది. మా ఆయనకి అక్క, నాకంటే ఆరేళ్ళు పెద్ద, ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంది. ఊరు దాటి చిలకలూరిపేట హైవే ఎక్కాక కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరప ఘాటు మూసిన అద్దాల్లోంచి కూడా వచ్చింది. బెజవాడ వాళ్ళం, తుమ్మాం. వదినకి ఏమీ తెలియలేదు.

కొండవీడు గుంటూరుకి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. జిల్లాలు విడదీశాక ఇప్పుడు పల్నాడులోకి వెళ్ళింది. చిన్నప్పటి నుంచి తెలుగు పుస్తకంలో చదివిన పేరు. పక్కనే ఉన్నా ఒక్కసారీ వెళ్ళలేదు. ఊటీ రెండుసార్లు వెళ్ళాం.

ఘాట్ రోడ్డు మొదలైన కాసేపటికి ఒక మలుపు దగ్గర నేను, వదిన దిగిపోయాం. మా ఆయన కారు తీసుకుని పైకి వెళ్ళిపోయారు. వానలకి కొండంతా పచ్చగా ఉంది. రోడ్డు పక్క రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి, ఎక్కడ చూసినా సీతాఫలం చెట్లే. వదిన ట్రెడ్‌మిల్ వేగంతో బయల్దేరింది. రెండో మలుపులో నడుం మీద చెయ్యి వేసుకుని ఆగిపోయింది. ట్రెడ్‌మిల్ మీద ఎత్తు పెట్టుకునే మీట ఉంటుందట, ఇన్నేళ్ళలో దాన్ని ముట్టుకోలేదట.

నేను మాస్టారి లెక్కలోనే ఉన్నాను. మూడు అడుగులకి ఊపిరి లోపలికి, నాలుగు అడుగులకి బయటికి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ మధ్య వేగంలో నడిస్తే గుండెకి మంచిదని చెప్పారు. వదిన నాతో మాట్లాడలేకపోయింది. అందుకని నేనే మాట్లాడాను. ఆమెకి కోపం వచ్చింది.

మూడో మలుపులో మమ్మల్ని ఒక పెద్దామె దాటేసింది. నెత్తిన చుట్టకుదురు, దాని మీద ఖాళీ గంప, కాళ్ళకి అరిగిపోయిన హవాయి చెప్పులు. మమ్మల్ని చూసి ఆగింది.

"ఏందమ్మా, కారు చెడిపోయిందా?"

"లేదండీ. ఊరికే నడుస్తున్నాం."

"ఊరికేనా?" అని ఇద్దర్నీ కింద నుంచి పైకి చూసింది. "ఊరికే ఎవరన్నా నడుత్తారా!" నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె ఊపిరిలో తేడా లేదు, నాలుగు లోపలికి ఆరు బయటికి లేదు. మలుపు తిరిగేవరకు ఆ గంప ఒక్క పక్కకీ ఒరగలేదు.

ఫోన్ లెక్క ప్రకారం 3.2 కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. పైకి వెళ్ళేసరికి మా ఆయన బురుజు గోడ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, పొట్ట ఎగరేస్తూ కపాలభాతి చేస్తున్నారు. ఆయన బీపీ మాత్ర వేసుకునే మనిషి. ఫోన్‌లో ఎవరో పొట్ట కరుగుతుందని చెప్పారని ఒకసారి ఇంట్లో టిఫిన్ తిన్నాక మొదలుపెట్టి, కళ్ళు తిరిగి సోఫాలో పడ్డారు. బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణీలు దాని జోలికి వెళ్ళకూడదని, ఎవరైనా సరే ఖాళీ కడుపుతోనే చేయాలని మాస్టారు అప్పుడే గట్టిగా చెప్పారు. "ఇప్పుడు ఖాళీ కడుపేగా" అన్నారు. బీపీ మాట మర్చిపోయినట్టున్నారు. గోడ మీద నుంచి దింపాను.

పైన దసరా జనం లేరు. మేము, ఇద్దరు కుర్రాళ్ళు, నాలుగు మేకలు. చెరువులు మూడున్నాయి కొండ మీద, అంత ఎత్తులో అంత నీళ్ళు నేను ఊహించలేదు. బురుజులు, కూలిన రాతి గదులు, కప్పు లేని గుమ్మాలు. ఒక గుమ్మం దగ్గర గడప రాయి మధ్యలో అరిగి దొప్పలా ఉంది. ఎన్ని పాదాలు పడితే అంత అరుగుతుందో. అందులో రాత్రి వాన నీళ్ళు నిలిచి, ఒక చీమల బారు అంచు వెంట చుట్టు తిరిగి పోతోంది. అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చుకున్న రెడ్డి రాజులు ఇక్కడి నుంచే ఏలారు. 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి గెలుచుకున్నాడు. ఈ కొండకి సరంజామా మోసినవాళ్ళ తొడలు ఎలాంటివో అనుకున్నాను. మామూలుగా రాజుల గురించి నాకు ఇలాంటి ఆలోచన రాదు.

చెరువు ఒడ్డున బండ మీద తువ్వాలు పరుచుకుని సూర్య నమస్కారాలు చేశాను. పార్కులో పన్నెండు చేస్తాను, ఇక్కడ ఐదు. బండ ఏటవాలు, అర చేతుల కింద గులకరాళ్ళు గుచ్చుకున్నాయి. కానీ తల పైకెత్తినప్పుడు రోజూ కనిపించే అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకు బదులు మబ్బు కనిపించింది, కొండ అంచుకి ఒరుసుకుంటూ పోతోంది.

పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా శ్రీనాథుడు ఉన్నది ఈ కొండవీటి ఆస్థానంలోనే. మంచి భోగి. పల్నాడు వెళ్ళి, సన్నన్నం దొరక్క జొన్నకూడు తినాల్సి వచ్చిందని చాటువుల్లో వాపోయాడు. ఇప్పుడు ఆ జొన్నల్నే మా వదిన నెలకి ఐదు కిలోలు కొంటోంది, డైట్ అని. కవిసార్వభౌముడికి ఈ సంగతి తెలిస్తే ఇంకో చాటువు చెప్పేవాడు.

గంపావిడ మళ్ళీ కనిపించింది, ఈసారి గంప నిండా సీతాఫలాలు. మమ్మల్ని గుర్తుపట్టి, "ఊరికే నడిచేవాళ్ళా, రాండి" అంది. కాయ నొక్కి చూసి, కళ్ళు విచ్చినవి ఏరి ఇచ్చింది. సగం తినాలని నా నియమం. గుమ్మంలో ఉన్న షుగర్‌కి సీతాఫలం తియ్యదనం మంచి ఆహ్వానం. అక్కడే గోడ మీద కూర్చుని ఒకటి పగలదీశాను. వేలి సందుల్లోంచి పాలలాంటి గుజ్జు కారుతుంటే సగం దగ్గర ఆపటం మాస్టారి వల్ల కూడా కాదు. మొత్తం తిన్నాను. గింజలు ఉమ్మటానికి పట్టే టైమే నన్ను రెండోదాన్నుంచి కాపాడింది.

దిగటం కష్టమని ఎవరూ చెప్పరు. ఎక్కేటప్పుడు ఊపిరి బాధ, దిగేటప్పుడు మోకాళ్ళ బాధ. కింద పడబోయే బరువుని అడుగడుగునా తొడ ముందు కండరం సాగుతూ పట్టి ఆపాలి. అది నీరసంగా ఉంటే భారం మోకాలి మీద పడుతుంది. ఉత్కటాసనం, అదే మా పార్కు భాషలో కుర్చీ లేని కుర్చీ, మాస్టారు రోజూ ఎందుకు వేయించారో ఆ దిగుడులో తెలిసింది. వదిన మాత్రం రెండు మలుపులు దిగి తమ్ముడికి ఫోన్ చేసి కారెక్కేసింది.

కింద ఊళ్ళో గోపీనాథస్వామి గుడి చూశాం. కత్తుల బావి గుడి అంటారు. బావిలో కత్తులు పాతి, దర్శనానికి రమ్మని పిలిచిన శత్రువుల్ని అందులో పడేశారని కథ. మధ్యాహ్నం భోజనం గురించి రాయను, పెరుగన్నం తిని కారులో నిద్రపోయాం.

సాయంత్రం నాలుగున్నరకి ఉప్పలపాడు వెళ్ళాం, గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం. ఊరి చెరువు, చెరువులో చెట్లు, చెట్ల నిండా పక్షులు. ఇంకా పూర్తి సీజన్ రాలేదు కానీ గూడబాతులు బాగానే ఉన్నాయి. ముందు వాసన పలకరిస్తుంది, తట్టుకోవాలి. కాసేపయ్యాక అది గుర్తుండదు. గూడబాతు నాలుగైదు కిలోలు తూగే పక్షి. కొమ్మ మీద వాలేటప్పుడు చూస్తే, పట్టు చీర కట్టుకున్న లావుపాటి పెళ్ళిపెద్ద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటున్నట్టు, కొమ్మని ముందు ఒకసారి నమ్మకంగా చూసి, తర్వాత భయపడి, చివరికి ధబ్బున కూర్చుంటుంది. అదే పక్షి గాల్లోకి లేచాక రెక్క ఆడించకుండా గుండ్రాలు తిరుగుతుంది. మా ఆయన చాలాసేపు చూసి, "బరువుదేముందే" అన్నారు. నేను వినిపించుకోలేదు.

రాత్రి వదిన ఇంట్లోనే. జొన్నరొట్టె, గోంగూర పప్పు, నవరాత్రులు కదా అని కొంచెం పులిహోర. వదిన వాళ్ళ అత్తగారికి డెబ్బై ఆరేళ్ళు. డైనింగ్ టేబుల్ ఉన్నా నేల మీద పీట వేసుకునే తింటారు. ఆవిడ పక్కన నేనూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నేల మీద కూర్చుంటే పొట్ట అడ్డం వచ్చి రెండోసారి పులిహోర కోసం వంగటం కుదరదు. ఇది ఏ డైట్ చార్టులోనూ రాయరు.

తిన్నాక ఆవిడ కంచం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నేలకి ఆనించకుండా, గోడ పట్టుకోకుండా లేచి నిలబడ్డారు. పిల్లి లేచినట్టు లేచారు. నేను నోరు తెరుచుకుని చూశాను.

"అత్తయ్యగారూ, యోగా చేస్తారా?"

"నాకెక్కడ తీరిక తల్లీ" అన్నారు.

నేనూ ప్రయత్నించాను. మే నెలలో అయితే రెండు చేతులు, ఒక మోకాలు, మంచం కోడు కావాల్సొచ్చేది. ఇప్పుడు ఒక్క చెయ్యి నేలకి ఆనించి లేచాను. తొడలు కొండవీటి మలుపుల్ని గుర్తుచేసుకుని మూలిగాయి. "ఇంకో చెయ్యి కూడా వచ్చేస్తుందిలే, రేపు పొద్దున మళ్ళీ కింద కూర్చో" అని ఆవిడ నా చేతిలో కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.