‘అయినట్టు’ అన్న మాట దగ్గర

ఈ వారమంతా తెల్లవారుజామున ఫజ్ర్ నమాజ్ తర్వాత ఖుర్ఆన్ తెరిస్తే ఒకే చోట ఆగిపోతున్నాను. 41వ సూరా (అధ్యాయం), హామీమ్ సజ్దా. అందులో 34వ ఆయత్ (వాక్యం):

“మంచీ చెడూ ఒకటి కావు. చెడును అన్నిటికన్నా మేలైన దానితో తొలగించు. అప్పుడు చూడు, ఎవరితో నీకు పగ ఉందో అతడే ఆప్తమిత్రుడు అయినట్టు ఉంటాడు.”

శుక్రవారం జుమా నమాజ్‌లో ఇచ్చే ప్రసంగాల్లో, ఖుత్బాల్లో, ఈ ఆయత్‌ను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా మనసు చివరి మాట మీదికే పోయేది: మిత్రుడు. ఈసారి దాని పక్కనున్న చిన్న మాట పట్టుకుంది. అరబీలో ‘కఅన్నహూ’. అంటే ‘అయినట్టు’. మిత్రుడైపోతాడని అల్లాహ్ అనలేదు, అయినట్టు ఉంటాడన్నాడు. గుండెను చేసినవాడు ఆయనే కదా. ఒక్క మంచిపనికి లోపలి మంటంతా చల్లారిపోదని ఆయనకు తెలుసు. ముందు మాటతీరు మారుతుంది, నడక మారుతుంది. గుండె ఆ తర్వాత నెమ్మదిగా వస్తుంది.

‘ఆప్త’ అని నేను రాసిన చోట అరబీలో ఉన్న పదం ‘హమీమ్’. దాని మూలంలో వేడి ఉంది. నరకవాసులు తాగాల్సి వచ్చే సలసల కాగే నీళ్లను కూడా ఖుర్ఆన్ ఈ పదంతోనే చెప్పింది. ఒకచోట పేగులు కాల్చే వేడి, ఇక్కడ మనిషిని దగ్గరికి తీసుకునే వెచ్చదనం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పగను చూసే నా చూపు కొంచెం మారింది.

ఈ సూరా మక్కాలో అవతరించింది. అప్పటికి ముస్లింలు పిడికెడు మంది. ఎండలో ఇసుక మీద ఈడ్పించుకున్నవాళ్లు, బంధువులే వెలేసినవాళ్లు. బలం ఉన్నవాడితో పెద్దమనసు చేసుకోమని చెప్పిన మాట కాదిది. దెబ్బలు తింటున్నవాళ్లతో చెప్పిన మాట. అందుకే దీన్ని సుఖంగా కూర్చుని వివరించేవాళ్ల కంటే, సొంత మనుషుల్ని పోగొట్టుకుని కూడా పాటించిన ఇమాముల దగ్గర నేర్చుకోవాలని నాకు అనిపిస్తుంది. అలాంటివాళ్లు మన కాలంలోనూ ఉన్నారు.

నైజీరియా ఉత్తర భాగంలో కడూనా అనే నగరం ఉంది. 1992లో అదే పేరున్న రాష్ట్రంలోని జాంగోన్ కటాఫ్ అనే ఊళ్లో సంతను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలన్న తగాదా మొదలైంది. సంత అంటే మామూలు విషయంలా కనిపిస్తుంది. కానీ అక్కడ వ్యాపారం హౌసా ముస్లింల చేతుల్లో ఉండేది, చుట్టూ భూములు ఎక్కువగా క్రైస్తవులైన కటాఫ్ ప్రజలవి. ఎవరు స్థానికులు, ఎవరు వలస వచ్చినవాళ్లు అన్న పాత పేచీ సంత రూపంలో బయటపడింది. ఫిబ్రవరిలో ఒకసారి, మేలో మరోసారి రక్తం పారింది. ఆ మంట కడూనా నగరానికీ పాకింది. ఇమామ్ ముహమ్మద్ అషాఫా అప్పుడు ముస్లిం యువకుల దళానికి నాయకుడు. ఆ గొడవల్లో ఆయన ఆధ్యాత్మిక గురువును చంపేశారు. దగ్గరి బంధువులు ఇద్దరు పోయారు. అవతలి వైపు క్రైస్తవ దళాన్ని నడిపిన పాస్టర్ జేమ్స్ వుయే తన కుడిచేయి పోగొట్టుకున్నారు. మూడేళ్ల పాటు ఒకరినొకరు చంపుకోవాలనే చూశారు. ఇది వేరేవాళ్లు వాళ్ల మీద మోపిన మాట కాదు, ఆ ఇద్దరూ స్వయంగా చెప్పుకున్నది.

ఒక జుమా రోజు మస్జిద్‌లో ఇమామ్ క్షమ గురించి ఖుత్బా ఇస్తూ మక్కా దగ్గరి తాయిఫ్ అనే ఊరి సంగతి చెప్పారు. అషాఫా లోపల ఏదో కదిలింది అప్పుడే.

తాయిఫ్ మనకు తెలిసిందే. భార్య ఖదీజా (రజి), పెదనాన్న అబూ తాలిబ్ ఇద్దరూ పోయి, మక్కాలో అండ లేకుండా పోయిన రోజుల్లో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తాను కొడుకులా పెంచుకున్న జైద్‌ను వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్లారు. వాళ్లు వీధి పిల్లల్ని, ఆకతాయిల్ని ఉసిగొల్పి రాళ్లు వేయించారు. పాదాలు రక్తసిక్తమయ్యాయి. పర్వతాల దూత వచ్చి, అనుమతిస్తే రెండు కొండల మధ్య ఈ జనాన్ని నలిపేస్తానంటే, ప్రవక్త వద్దన్నారు. వీళ్ల సంతానంలో నుంచి అల్లాహ్ ఒక్కణ్నే ఆరాధించేవాళ్లు పుడతారన్న ఆశ తనకుందన్నారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది.

ఖుత్బాల్లో సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. ప్రవక్త జీవితం చెప్పే సీరా గ్రంథాల్లో ఆ రోజు సంగతి ఇంకొంచెం ఉంది. దెబ్బలు తిన్న ప్రవక్త ఒక ద్రాక్షతోటలో నీడకు చేరారు. తోట యజమానులు ఆయనకు శత్రువులే అయినా జాలిపడి, తమ దాసుడి చేత పళ్లెంలో ద్రాక్షపళ్లు పంపారు. ఆ దాసుడి పేరు అద్దాస్. క్రైస్తవుడు, నీనెవా పట్నంవాడు. ప్రవక్త బిస్మిల్లాహ్ (అల్లాహ్ పేరుతో) అని పండు అందుకుంటే అతను ఆశ్చర్యపోయాడు. “నీది యూనుస్ ఊరు కదా, ఆయన నా సోదరుడు, ఆయనా ప్రవక్తే” అని ఆయన అనగానే అద్దాస్ వంగి ఆయన తలను, చేతులను, పాదాలను ముద్దుపెట్టుకున్నాడు. ఊరంతా రాళ్లు వేసిన రోజున మన ప్రవక్త ముందు పళ్లెం పట్టుకుని నిలబడినవాడు ఒక క్రైస్తవుడు. మన పిల్లలకు తాయిఫ్ కథ చెప్పేటప్పుడు అద్దాస్‌ను వదిలేయకూడదని నా మనవి. (ఆ నీనెవా ఇప్పటి ఇరాక్‌లోని మోసుల్ పక్కనే ఉంది. అక్కడి యూనుస్ ప్రవక్త మస్జిద్‌ను 2014 జులైలో ఇస్లాం పేరు చెప్పుకున్నవాళ్లే పేల్చేశారు. క్రైస్తవులను ఊరు విడిచిపొమ్మన్నారు. అద్దాస్ ఊరివాళ్లను. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.)

కడూనాకు వస్తాను. 1995లో పిల్లలకు టీకాల విషయమై మతపెద్దల సమావేశం జరిగితే, ఇద్దరూ వెళ్లారు. తెలిసిన పాత్రికేయుడొకరు ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపి, ఈ రాష్ట్రానికి శాంతి తేగలిగింది మీరిద్దరే అన్నాడు. అయినా పాస్టర్ వుయే నమ్మలేదు. తర్వాత ఆయన తల్లి జబ్బుపడి ఆసుపత్రిలో ఉంటే, అషాఫా ముస్లింలను వెంటబెట్టుకుని పరామర్శకు వెళ్లారు. పగవాడి తల్లి మంచం పక్కన నిలబడడం. ‘మేలైన దానితో తొలగించు’ అన్న మాటకు నాకు తెలిసిన అతి సూటి అర్థం ఇదే.

ఆ తర్వాత కూడా మిత్రులు కాలేదు. అయినట్టు ఉన్నారు, అంతే. కలిసి సంస్థ పెట్టారు, కలిసి ఊళ్లు తిరిగారు, ఒకే గదిలో పడుకున్నారు. అషాఫా పక్క మంచంలో నిద్రపోతుంటే, దిండు అదిమి చంపేయాలన్న కోరిక మొదట్లో తనకు కలిగేదని వుయే చాలాచోట్ల దాచకుండా చెప్పారు. ఆ ‘అయినట్టు’ నిజం కావడానికి ఏళ్లు పట్టింది. 2004లో ప్లాటూ రాష్ట్రంలోని యెల్వాలో ముందు క్రైస్తవులను చర్చి ఆవరణలో చంపారు, తర్వాత మే నెలలో అంతకు ఎన్నో రెట్ల మంది ముస్లింలను చంపారు. ఆ రెండు పక్షాల పెద్దలను ఒక గదిలో కూర్చోబెట్టినవాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. దిండు సంగతి దాచని మనుషులు కాబట్టే యెల్వా జనం వాళ్లతో మనసు విప్పి ఉంటారు.

ఒక అనుమానం మనవాళ్లలో కొందరికి వస్తుంది. ఇలా కలిసి తిరిగితే విశ్వాసం పలచబడదా అని. పలచబడలేదు. అషాఫా తన తౌహీద్‌ను, దేవుడు ఒక్కడే అన్న నమ్మకాన్ని, ఒక్క మెట్టు దించలేదు, వుయే తన యేసును వదల్లేదు. అసలు 34వ ఆయత్‌కు ముందున్న 33వది చూడండి. అల్లాహ్ వైపు పిలిచి, మంచిపనులు చేసి, “నేను ముస్లింని” అనేవాడి మాట కన్నా మంచి మాట ఎవరిది అని అడుగుతుంది. నేను ముస్లింని అన్న వెంటనే వచ్చే వాక్యమే పగవాడి గురించి. ఆ రెండింటినీ విడదీసి చదివితే రెండూ చేజారతాయి.

35వ ఆయత్ ఈ గుణం సహనశీలురకు తప్ప దక్కదంటుంది. కోపం వచ్చినప్పుడు ఓర్చుకోవడం, కీడు చేసినవాణ్ని క్షమించడం అని ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ (రజి) దీనికి అర్థం చెప్పారు. 36వది షైతాను గురించి: అతని నుంచి ‘నజ్గ్’ తగిలితే అల్లాహ్ శరణు వేడుకో. నజ్గ్ అంటే పొడిచి ఎగదోయడం. మా తాత ఎడ్లబండి తోలేవాడు. నాకైతే ఈ మాట వినగానే ఆయన చేతిలోని ములుకోల కళ్లముందు కదులుతుంది. కొనకు చిన్న ముల్లు, అంతే. దాని దెబ్బకు ఎద్దు చావదు, పరుగు తీస్తుంది. పోయినేడు మా కుటుంబ గ్రూపులో వచ్చిన ఒక వీడియో చూసి రక్తం మరిగి, ఆలోచించకుండా నలుగురికి పంపాను. రెండు రోజుల తర్వాత తెలిసింది, అది మన దేశంలోదే కాదు, ఈ కాలంలోదీ కాదు. ఎవరో ములుకోలతో పొడిచారు, నేను పరుగెత్తాను. పంపిన నలుగురికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ‘అఊజు బిల్లాహ్’ (అల్లాహ్ శరణు) అనడం ఖుర్ఆన్ పారాయణం మొదట్లోనే కాదు, ఫోన్ తెరిచే ముందు కూడా కావాలని ఆ రోజు అర్థమైంది.

మన దేశంలోనే, 2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని అసన్సోల్ అల్లర్లలో నూరానీ మస్జిద్ ఇమామ్ మౌలానా ఇమ్దాదుల్ రషీదీ 16 ఏళ్ల కొడుకును చంపేశారు. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లాడు. జనాజాకు, అంటే అంత్యక్రియలకు, వేలమంది కోపంతో వచ్చారు. ఎవరైనా ప్రతీకారం అంటూ చెయ్యెత్తితే తాను మస్జిద్‌నూ ఈ ఊరినీ విడిచి వెళ్లిపోతానన్నారు ఆ తండ్రి. ఊరు ఆగింది. దీని మీద నేను ఇంకేమీ రాయలేను. నాకూ కొడుకున్నాడు.

అదే ఏడాది జూన్ 23న, మళ్లీ నైజీరియాలోని ప్లాటూ రాష్ట్రంలో, బార్కిన్ లాడి ప్రాంతంలోని ఊళ్ల మీద సాయుధులు పడ్డారు. అక్కడ పశువుల కాపరులు ఎక్కువగా ముస్లింలు, రైతులు ఎక్కువగా క్రైస్తవులు. మేతకూ సాగుకూ నేల చాలక ఏళ్లుగా నలుగుతున్న ప్రాంతం. పారిపోయి వచ్చిన క్రైస్తవులను న్ఘర్ అనే పల్లెలో ఇమామ్ అబూబకర్ అబ్దుల్లాహి లోపలికి పిలిచారు. 80 దాటిన ముసలాయన. ఆడవాళ్లను ఇంట్లో, మగవాళ్లను మస్జిద్‌లో దాచారు. 262 మంది. సాయుధులు వచ్చి అడిగితే ఆయన వాళ్ల ముందు నేల మీద పడి ఏడ్చారు, చంపాలంటే ముందు నన్ను చంపమన్నారు. వాళ్లు వెనుదిరిగారు.

ఎందుకు చేశారని తర్వాత అడిగితే ఆయన ఖుర్ఆన్ వాక్యాలు వల్లించి గొప్పగా చెప్పుకోలేదు. ఏళ్ల క్రితం ఆ మస్జిద్ కట్టుకోవడానికి స్థలం ఉచితంగా ఇచ్చింది ఆ ఊరి క్రైస్తవులేనని చెప్పారు.

ఈ ఉదయం కూడా 34 నుంచి చదువుకుంటూ వెళ్లాను. 37, 38 వచ్చాయి: సూర్యుడికీ కాదు, చంద్రుడికీ కాదు, వాటిని పుట్టించిన అల్లాహ్‌కే సజ్దా చేయండి. ఈ చోటుకు వచ్చాక ఎవరైనా ఖుర్ఆన్ పక్కన పెట్టి నుదురు నేలకు ఆనించాలి. ఆనించాను. లేచే ముందు, రెండేళ్లుగా నేను మాట మానేసిన ఒక మనిషి పేరు తలచుకుని దుఆ చేశాను.