డిక్కీలో నీళ్ల టిన్ను

రాజమండ్రి స్టేషన్ బయట నా కారెక్కే పార్టీలు ముందు ఏసీ ఉందా అని అడుగుతారు, తర్వాత వాటర్ బాటిల్స్ ఉన్నాయా అంటారు. ఏసీ ఉందండి, బాటిల్స్ లేవు అంటాను. కొందరు ముఖం అదోలా పెడతారు. అప్పుడు డిక్కీ తీసి, కుళాయి బిగించిన ఇరవై లీటర్ల టిన్ను, తువ్వాలులో చుట్టి పెట్టిన స్టీలు గ్లాసులు చూపిస్తాను. "సీసాలుంటే నింపుకోండి, లేకపోతే గ్లాసుతో తాగండి, ఎన్నిసార్లయినా ఆపుతాను" అంటే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. పిల్లలకైతే ఆ కుళాయి తిప్పడమే సరదా. సగం నీళ్లు డిక్కీలోనే పోస్తారు, అది వేరే గొడవ.

నేను వేసేవి ఎక్కువగా కోనసీమ ట్రిప్పులు. ఆత్రేయపురం, అమలాపురం, దిండి, అంతర్వేది. అడిగితే యానాం మీదుగా కోరింగ. మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. కాలువ గట్టు మీద తిరుగుతూ ఎక్కడ గండి పడేలా ఉందో, ఎవరు తూము పక్కన దొంగతనంగా గొట్టం పెట్టారో చూసుకునే ఉద్యోగం. అందుకని ఏ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతాయో మా ఇంట్లో అన్నం దగ్గర కూడా అదే మాట. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లకి ఇది తెలియాలని రూలేం లేదు. కానీ తెలియకపోవడం వల్లే సగం చెత్త పడుతోందని నా నమ్మకం.

ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ట అని రెండు పెద్ద పాయలవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న నేలే కోనసీమ. అక్కడ కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేయించాడు, ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. అక్కణ్ణుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి మూడు వైపులా కాలువలు పోతాయి. మా మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర మొదలు. మీరు ఫొటోల్లో చూసే కొబ్బరిచెట్ల మధ్య పచ్చటి కాలువ అదే, దాని పిల్ల కాలువలే. ఆ నీళ్లు వరిచేలకి పోతాయి. ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేదీ ఆ నీళ్లతోనే, ఫిల్టర్ చేసి కుళాయిలకి వదిలేదీ వాటినే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి, వాళ్లకి కాలువే దిక్కు. చేలల్లోంచి దిగిన నీళ్లు మురుగు కాలువల్లో పడి చివరికి సముద్రంలో కలుస్తాయి.

ఇక లొల్ల లాకులు, అంటే కాలువ నీళ్లని ఆపి వదిలే గేట్ల కట్టడం. ఆత్రేయపురం వైపు వెళ్లే ప్రతి పార్టీ అక్కడ దిగాల్సిందే. సినిమాల్లో చూసిన చోటు కదా. లాకుల మీద నిలబడి ఫొటోలు, గట్టు మీద చెట్టు కింద దుప్పటి పరిచి బిర్యానీలు. తప్పేం లేదు, నాకూ ఆ నీడ ఇష్టమే. పోయిన కార్తీకంలో ఒక కుటుంబం తిన్నాక, ఆయన కూర కవరు మూతి ముడేసి పిల్లాడి చేతికిచ్చి, "నీళ్లలో పడెయ్ నాన్నా, కొట్టుకుపోతుంది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. "సార్, అది మా అత్తగారి ఊరి మంచినీళ్ల చెరువు వైపు పోతుందండి" అన్నాను. జోకనుకుని నవ్వాడు. "ఆయ్, నిజమేనండి, ఆళ్లు తాగేది ఇయ్యే" అన్నాక ఆవిడ గబుక్కున పిల్లాడి చేతిలోంచి కవరు లాగేసుకుంది. ఆ తర్వాత అంతర్వేది దాకా కాలువ కనపడినప్పుడల్లా ఆ పిల్లాడు "అంకుల్, ఇది కూడా తాగే నీళ్లేనా?" అని అడుగుతూనే ఉన్నాడు. చెత్త వేయరాదు అని బోర్డులు రాసేవాళ్లు, ఇవి కింది ఊళ్లు తాగే నీళ్లు అని కూడా రాస్తే ఎక్కువ పనిచేస్తుందని నాకు అప్పుడే అనిపించింది.

ఏటా దాళ్వా, అంటే రెండో వరి పంట, కోతల సమయానికి కాలువలు కట్టేస్తారు. పూడిక తీయడానికి, లాకుల రిపేర్లకి ఆ రోజులే దొరుకుతాయి. నీళ్లు దిగిపోయాక లాకు కింద బురదలో ఏముందో చూడాలంటే అప్పుడే రావాలి. పైన ఎండిపోయిన గుర్రపు డెక్క మొక్కలు, దాని కింద మందు సీసాలు, డిస్పోజల్ గ్లాసులు, థర్మకోల్ ప్లేట్ల ముక్కలు, డైపర్లు, దేవుడి పటాలు. ప్లాస్టిక్ కవర్లు విడివిడిగా ఉండవు, బురదతో కలిసి పొరలు పొరలుగా ఉంటాయి. పారతో లాగితే చిరుగుతాయి గానీ ఊడిరావు. కాలువ కట్టేస్తే గుంటల్లో చేపల కోసం ఊరంతా దిగేవాళ్లమని మా నాన్న చెబుతాడు. ఇప్పుడు గాజు పెంకు గుచ్చుకుంటుందని ఎవరూ కాలు పెట్టరు.

ఇదంతా టూరిస్టులు వేసిందంటే పాపం తగులుతుంది. ఎక్కువ భాగం మాదే. చికెన్ షాపుల వ్యర్థాల దగ్గర్నుంచి పెళ్లి భోజనాల ప్లేట్ల దాకా కాలువలోకి తోసేది ఊరివాళ్లమే. కాకపోతే పండగ వారంలో ఊళ్లో జనం రెట్టింపవుతారు, చెత్త బండి మాత్రం అదే.

"మేం డస్ట్‌బిన్‌లోనే వేశాం కదండీ" అంటారు కొందరు. మంచిదే. ఆ డస్ట్‌బిన్ ఎక్కడ ఖాళీ అవుతుందో ఎప్పుడైనా చూశారా? చాలా చోట్ల ఊరి చివర కాలువ గట్టు పక్కనే పోసి నిప్పు పెడతారు. మిగిలింది వానకి మళ్లీ కాలువలోకే. అందుకే నేను డస్ట్‌బిన్ చూపించను, సీటు వెనక గోనెసంచి కట్టాను. సాయంత్రానికి అది నాతోపాటు రాజమండ్రి వస్తుంది. సీసాలు, అట్టలు పాత సామాన్ల కొట్టువాడు కిలోల లెక్కన తీసుకుంటాడు. చిప్స్ కవర్లు వాడికి కూడా వద్దు. లోపల వెండి రంగు పూతతో ఉండే ఆ కవరుకి రేటే లేదు. కాబట్టి అసలు కొనకుండా ఉండగలిగేవి ఏమిటో చూసుకోవడమే తేలిక. పూతరేకులు అట్టపెట్టెలో కట్టమంటే కడతారు. బొండాం స్ట్రా లేకుండా తాగొచ్చు, చొక్కా మీద కాస్త పడుతుంది, పడనివ్వండి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై నుంచి దేశమంతా నిషేధమే, అయినా ఏ బొండాల బండి మీద చూసినా కట్టలు కట్టలుగా ఉంటాయి.

కోరింగకి వెళ్లే పార్టీలతో ఇంకో రకం టెన్షన్. 1978లో అభయారణ్యం చేసిన మడ అడవి అది. చెక్కల దారి మీద నడుస్తుంటే రెండు వైపులా బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేర్లు పైకి లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు, అందుకని మడ చెట్టు ఊపిరి తీసుకోవడానికి వేళ్లని పైకి పంపుతుంది. ఒకసారి ఒక చిప్స్ కవరు నాలుగైదు వేర్లకి తొడుక్కుని ఉంది. పోటు నీళ్లు ఎక్కిన కొద్దీ కవరులోకి బురద చేరింది, ఆ బరువుకి వేర్లకి ఇంకా బిగుసుకుపోయింది. చేతికి అందేలా కనిపించింది గానీ దిగితే ఆ బురద మోకాలి దాకా లాగేస్తుంది, దిగనివ్వరు కూడా. విసిరినవాడికి అర సెకను పని. తుఫాను అలల జోరు తగ్గించేవి ఈ చెట్లే. 1996 తుఫాను చూసిన మా జిల్లా మనిషికి ఎవరికీ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్కడ పడవెక్కి బ్లూటూత్ స్పీకర్ పెడతారు. తిరిగి కారెక్కాక, "బావురు పిల్లి ఉంటుందన్నారు, ఒక్కటీ కనపడలేదు, డబ్బులు దండగ" అంటారు. రాత్రిపూట చేపలు పట్టుకునే జంతువు మిట్టమధ్యాహ్నం డీజే పాటకి బయటికొచ్చి నిలబడాలా?

అంతర్వేదిలో ఇసుక మీద కారు దింపమని రీల్స్ కోసం బతిమాలేవాళ్లున్నారు. దింపను. కిరాయి తగ్గించుకున్నా సరే దింపను. చలికాలం చివర మా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు. పైకి ఇసుక తప్ప ఏమీ కనపడదు. పిల్లలు బయటికొచ్చాక కూడా టైరు గాడిలో పడితే ఎక్కలేవు, ఎండకి మాడిపోతాయి, లేదా కాకులకి దొరుకుతాయి. రాత్రి ఫ్లాష్‌లైట్లు వేస్తే సముద్రం అనుకుని వెలుతురు వైపే నడుస్తాయి. ఇది చెబితే మాత్రం ఎవరూ వాదించరు. తాబేలు పేరు చెప్పగానే మెత్తబడతారు, మురుగు కాలువ పేరు చెబితే ఎవరికీ పట్టదు. కానీ ఆ మురుగు కాలువ తీసుకెళ్లిన కవరే సముద్రంలో జెల్లీ చేపలా తేలితే అదే తాబేలు మింగుతుంది.

2027లో పుష్కరాలు. 2015లో నేను ఘాట్ల దగ్గరే ఉన్నాను, ఆ పన్నెండు రోజులూ షాంపూ ప్యాకెట్లు, నదిలో వదిలేసిన తడి బట్టలు మెట్ల మీద కుప్పలు. ఈసారి కనీసం మా స్టాండు కార్లన్నిటిలో టిన్నులు పెట్టిద్దామని ఇప్పటి నుంచే అడుగుతున్నాను. కుర్ర డ్రైవర్లు కొందరు సరే అన్నారు. పెద్దాయన ఒకరు మాత్రం "డిక్కీలో టిన్ను పెడితే పార్టీ సూట్‌కేసులు నీ నెత్తిన పెట్టుకుంటావా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, చిన్న కార్లకి అది ఇబ్బందే. పది లీటర్ల టిన్ను సీటు కింద పడుతుందేమో కొలిచి చూడాలి.