అంతా రాజుగారి చలవ

ఆదివారం. పొద్దున్నుంచే ఎండ దంచేస్తోంది. మాగుంట లేఅవుట్‌లో టీ తాగుతుంటే పక్కన ఇద్దరు ఒకాయన గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకప్పుడు లీడర్ని కలవాలంటే ముందు ఆయన్నే పట్టుకోవాల్సి వచ్చేదట. ట్రాన్స్‌ఫరైనా, కాంట్రాక్టైనా ఆయన ఊ అంటేనే కదిలేదట. లీడరు మంచాన పడ్డాక ఈయన ఫోన్ చేసినా ఎత్తేవాళ్లు లేరు. "ఆయనకంటూ ఏముందబ్బా, అంతా అయ్య చలవేగా" అన్నాడొకడు.

చేపలు తెచ్చి ఇంట్లో ఇచ్చేసి, మధ్యాహ్నం కాన్‌స్టాంటైన్ ఫాల్కన్ గురించి చదువుతూ కూర్చున్నాను. గ్రీకువాడు, 1647లో కెఫలోనియా దీవిలో పుట్టాడు. చిన్నప్పుడే ఇంగ్లీషు ఓడెక్కి, 1675లో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, చేరాడు. నోరే అతని పెట్టుబడి. ఇంగ్లీషు, పోర్చుగీసు, మలయ్ ముందే వచ్చు. సయామీ కూడా చకచకా పట్టేశాడు. దుబాసీగా కొలువులో చేరి, నాలుగైదేళ్లు తిరిగేసరికి నారాయ్ రాజుకి కుడిభుజమయ్యాడు. రాజు ఎక్కువగా లోప్‌బురిలో ఉండేవాడు కాబట్టి ఇతనూ అక్కడే ఇల్లు కట్టించుకున్నాడు.

డచ్చివాళ్ల జోరుకి అడ్డుకట్టగా ఫ్రాన్సుతో దోస్తీ రాజుకీ కావాలి. 1686లో సయాం రాయబారులు వెర్సాయ్‌లో పద్నాలుగో లూయీ ముందు నిలబడ్డారు. మరుసటేడు ఫ్రెంచి సైనికులు బ్యాంకాక్ కోటలో దిగారు. ఫాల్కన్ దేశాన్ని అమ్మేశాడని ఒక మాట ఉంది గానీ, నాకైతే ఆ సైన్యంలో సగం అతని సొంత ప్రాణభయం కోసమే అనిపిస్తుంది. బౌద్ధ భిక్షువులకి పడడు, కొలువులోని పెద్దలకి పడడు. రాజు తప్ప తనవాడు అనేవాడు లేడు.

1688 మార్చిలో ఆ రాజే జబ్బుపడ్డాడు. ఏనుగుల దళం చూసే ఫెట్రాచా లోప్‌బురి రాజభవనాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఫాల్కన్ కబురు పెడితే ఫ్రెంచి సేనాని డెఫార్జ్ బయల్దేరాడు కూడా. సయాం రాజధాని అయుత్తయ దాకా వచ్చి, రాజు పోయాడన్న పుకారు విని వెనక్కి తిరిగాడు. నాకు ఒళ్లు మండింది అక్కడే. రాజు ఇంకా బతికే ఉన్నాడు! మే నెలలో ఫాల్కన్‌ని పట్టుకున్నారు, జూన్ 5న తల తీశారు. జూలైలో రాజూ పోయాడు, ఫెట్రాచా గద్దెనెక్కాడు. ఫ్రెంచివాళ్లు మన పుదుచ్చేరికి ఓడెక్కారు.

వాళ్లు ఓడెక్కకముందే ఫాల్కన్ భార్య మరియా ఎలాగో తప్పించుకుని బ్యాంకాక్‌లో డెఫార్జ్ పంచన చేరితే, అతను ఆమెని తిరిగి అప్పజెప్పేశాడు. రాజుగారి వంటశాలలో బానిసగా పనిచేసింది. తర్వాత ఆ వంటశాలకే పెద్దయింది. గుడ్డు పచ్చసొనని మరిగే పంచదార పాకంలో సన్నని తీగలుగా పోసి చేసే ఫోయ్ థోంగ్ అక్కడ ఆమె పేరు మీదే చెప్పుకుంటారు. మొగుడి దౌత్యం కంటే అదే ఎక్కువకాలం నిలిచింది.

రాత్రి మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఫాల్కన్ సంగతి సగమే వింది. "పాకంలో గుడ్డా? నీచు కొట్టదూ? దానికి బదులు రేపొచ్చేటప్పుడు మలైకాజా తీసుకురండి" అంది.