కావాలనే గుండె దడ తెచ్చుకున్నాను

ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయన్నారు, కానీ అమీర్‌పేటలో మెట్రో నిండా జనం ఎక్కారంటే చాలు, గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, ఇక్కడే పోతానేమో అనిపించేది. ఒకరు గ్యాస్ అన్నారు, అమ్మ దిష్టి అంది. చివరికి గుండె డాక్టరుగారే "ఇది ప్యానిక్ డిజార్డర్‌లా ఉందమ్మా" అని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

మా బావ రోజూ చెప్పే "టెన్షన్ పడకు" అనే మాటే అక్కడ డబ్బులు తీసుకుని చెప్తారనుకున్నా. మేడం మాత్రం సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్స) మొదలుపెట్టి, కాగితం మీద ఒక చక్రం గీశారు. మెట్లెక్కినందుకో కాఫీ తాగినందుకో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, నేను దాన్ని హార్ట్ ఎటాక్ అనుకుంటాను, ఆ భయానికి అడ్రినలిన్ పెరిగి దడ ఇంకా ఎక్కువవుతుంది, దాంతో నా అనుమానం ఖాయమవుతుంది. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1986లోనే దీన్ని వివరించాడట.

తర్వాత సెషన్లలో కావాలనే ఆ లక్షణాలు తెప్పించారు. గబగబా ఊపిరి తీయడం, తిరిగే కుర్చీలో గిర్రున తిరగడం లాంటివి. ఏమవుతుందనుకుంటున్నానో, ఎంత నమ్మకమో ముందే రాయాలి. "స్పృహ తప్పుతుంది, 90 శాతం" అని రాశా. కళ్లు తిరిగాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, పడిపోలేదు. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిరి వస్తుందట. మామూలుగా స్పృహ తప్పేది బీపీ పడిపోయినప్పుడు, భయపడ్డప్పుడేమో అది పెరుగుతుంది.

అసలు కష్టం బ్యాగు ఖాళీ చేయడం. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సిమీటర్, ఎవరూ రాయకపోయినా కొనిపెట్టుకున్న గుండె నొప్పి మాత్ర సార్బిట్రేట్, నీళ్ల సీసా. "ఇవి ఉండబట్టే బతికానని మీ మనసు లెక్కేసుకుంటుంది" అన్నారు మేడం. ఒక్కోటీ వదలాలి. ఆక్సిమీటర్ దగ్గర ఏడ్చాను, సెషన్ ఎగ్గొట్టాను కూడా.

దడ ఇప్పటికీ వస్తుంది, ముఖ్యంగా నిద్ర లేని రోజుల్లో. వచ్చినప్పుడు పల్స్ చూసుకోవడం, ఎమర్జెన్సీకి పరిగెత్తడం మానేశాను.

కొత్తగా ఛాతీ నొప్పి వస్తే మాత్రం ముందు గుండె డాక్టరుకే చూపించుకోండి. కొందరికి మాత్రలూ అవసరమవుతాయి, అందులో తప్పేం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సీబీటీ కోసమే వెళ్తుంటే హోంవర్క్ ఇస్తారా అని సైకాలజిస్టుని ముందే అడగండి. ఊరికే విని పంపించేస్తుంటే అది సీబీటీ కాదు.