ఏఎఫ్‌ఎస్‌బీలో నన్ను నిలబెట్టిన పాఠం: అవాక్స్ స్క్వాడ్రన్

వైమానిక దళ అధికారుల ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ తుది మెరిట్ జాబితా వెలువడింది. గ్రౌండ్ డ్యూటీ నాన్ టెక్నికల్ విభాగంలో, అడ్మినిస్ట్రేషన్ బ్రాంచ్‌కు ఎంపికైనవారిలో నా పేరు ఉంది. యుద్ధవిమానాల పైలట్లకు రాడార్ తెర చూస్తూ దారి చెప్పే ఫైటర్ కంట్రోలర్ కావాలన్న కోరికతో ఈ దారి పట్టాను కనుక, దుండిగల్ అకాడమీకి బయలుదేరే లోపే తోటి అభ్యర్థులకు నా ప్రిపరేషన్ అనుభవం రాసి పెట్టాలనుకున్నాను. నాకు సాయపడిన అన్ని విషయాలనూ ఇక్కడ ఏకరువు పెట్టను. గగనతల ముందస్తు హెచ్చరిక స్క్వాడ్రన్, అంటే మనం అవాక్స్ అని పిలుచుకునే విమానాలను నడిపే దళం ఏం చేస్తుంది, ఎలా ఏర్పడి ఉంటుంది అన్న ఒక్క అంశాన్ని నేను చదివిన తీరే చెబుతాను. నా ఇంటర్వ్యూ నిలబడింది దానిమీదే.

రాత పరీక్ష గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయడం, ఇంగ్లిష్ పదజాలం రోజూ కొంత చదవడం, నెగెటివ్ మార్కుల వల్ల తెలియని ప్రశ్నను ధైర్యంగా వదిలేయడం చాలు. ఆ తరువాత ఏఎఫ్‌ఎస్‌బీలో, అంటే వైమానిక దళ ఎంపిక బోర్డులో, మొదటి రోజు స్క్రీనింగ్ సంగతి కూడా మీకు తెలిసిందే. అసలు తేడా అక్కడినుంచి మొదలవుతుంది.

ఇంతకు ముందు నేను బోర్డులో చివరి దశ అయిన కాన్ఫరెన్స్ దాకా వెళ్లి తిరిగి వచ్చాను. అప్పటి ఇంటర్వ్యూలో మన వద్ద ఉన్న అవాక్స్ గురించి అడిగితే విమానం పేరు, రాడార్ పేరు, పరిధి, ఒప్పందం జరిగిన సంవత్సరం అన్నీ తడబడకుండా చెప్పాను. వెంటనే మరో ప్రశ్న వచ్చింది: "ఆ విమానంలో ఎవరెవరు కూర్చుంటారు, ఎవరు ఎవరికి ఏం చెబుతారు?" అలాంటి ప్రశ్న మార్కెట్లో దొరికే ఏ గైడులోనూ లేదు. ఫలితం ఏమైనా, ఆ ప్రశ్న మాత్రం నా వెంట ఇంటికి వచ్చింది. ఆయుధాన్ని యంత్రంగా చదవడం వేరనీ, దళంగా చదవడం వేరనీ నాకు స్పష్టమైంది ఆ తరువాతి నెలల్లోనే.

అసలు ఇలాంటి దళం ఎందుకు అవసరమైంది అన్న దగ్గర మొదలుపెట్టాను. భూమి గుండ్రంగా ఉండటంవల్ల నేలమీది రాడార్‌కు తక్కువ ఎత్తులో వచ్చే విమానం చాలా దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. రాడార్ ఎత్తును, లక్ష్యం ఎత్తును మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలను కూడి 4.12తో హెచ్చిస్తే చూపు ఆనే దూరం ఇంచుమించుగా కిలోమీటర్లలో వస్తుంది. 16 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు, 100 మీటర్ల ఎత్తులో దూసుకొచ్చే యుద్ధవిమానం 58 కిలోమీటర్ల దూరంలోగానీ కనిపించదు. అదే రాడార్‌ను 9,000 మీటర్ల ఎత్తుకు తీసుకువెళితే ఆ హద్దు 430 కిలోమీటర్లు దాటుతుంది. రాడార్ శక్తి, లక్ష్యం పరిమాణం ఈ దూరాన్ని తగ్గించవచ్చు; కానీ భూమి వంపు అడ్డు మాత్రం తొలగిపోతుంది. చేనులో రైతు మంచె ఎక్కి పిట్టలను కాచే సూత్రమే ఇది.

కిలోమీటర్ల దగ్గర ఆగకుండా వాటిని నిమిషాలుగా మార్చుకోవడం నా ప్రిపరేషన్‌లో పెద్ద మలుపు. గంటకు 900 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 15 కిలోమీటర్లు. 58 కిలోమీటర్లంటే నాలుగు నిమిషాలు కూడా లేవు. 430 కిలోమీటర్లంటే దాదాపు అరగంట. నాలుగు నిమిషాల్లో పైలట్ విమానం దాకా పరుగెత్తి, ఇంజిన్లు స్టార్ట్ చేసి, పైకి లేచి ఎదురువెళ్లడం దాదాపు అసాధ్యం. అరగంటలో వెళ్లవచ్చు, వెళ్లాలా వద్దా అని పై అధికారి ఆలోచించనూ వచ్చు. ఈ దళం వైమానిక దళానికి సమకూర్చే అసలు సరుకు సమయమేనని నేను నోట్స్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఆ సమయం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన 1982 నాటి ఫాక్‌లాండ్స్ యుద్ధాన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. బ్రిటిష్ నౌకాదళంలో గానెట్ అనే ముందస్తు హెచ్చరిక విమానాలను 849 స్క్వాడ్రన్ నడిపేది. ఆర్క్ రాయల్ విమానవాహక నౌక 1978లో తన చివరి యాత్ర ముగించడంతో గానెట్లూ తప్పుకున్నాయి, స్క్వాడ్రన్ రద్దయింది. నాలుగేళ్లు తిరగకుండానే, 1982 మే 4న అర్జెంటీనాకు చెందిన రెండు సూపర్ ఎతెందార్ విమానాలు సముద్రాన్ని ఆనుకుని తక్కువ ఎత్తులో వచ్చి ఎక్సోసెట్ క్షిపణులు వదిలాయి. వాటిలో ఒకటి తగిలి షెఫీల్డ్ అనే డిస్ట్రాయర్ మంటల్లో చిక్కుకుంది, 20 మంది చనిపోయారు. గాలిలోంచి చూసే కన్ను లేదు కనుక ఆ నౌకనే ముందు నిలబెట్టి రాడార్ కాపలాగా వాడుకోవలసి వచ్చిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

తరువాత జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. సీ కింగ్ హెలికాప్టర్లకు సెర్చ్‌వాటర్ రాడార్ తగిలించే పనిని బ్రిటిష్‌వారు కేవలం 11 వారాల్లో పూర్తిచేశారు, అయినా అవి బయలుదేరేసరికి యుద్ధం ముగిసింది. 849 స్క్వాడ్రన్ పూర్తి దళంగా తిరిగి ఏర్పడింది 1984లో. పరికరం వారాల్లో తయారైంది, దళం తిరిగి నిలబడటానికి మాత్రం రెండేళ్లు పట్టింది. శిక్షణ పొందిన ఆపరేటర్లు, వారికి నేర్పే సీనియర్లు, రాడార్ పాడైతే చేతితో పట్టుకుని బాగుచేయగల సాంకేతిక సిబ్బంది, విధివిధానాలు రాసిన పుస్తకాలు, ఇవన్నీ కలిస్తేనే స్క్వాడ్రన్. రద్దు చేయడానికి ఒక సంతకం చాలుతుంది గానీ కూర్చడానికి చాలదు.

మన దేశం సంగతికి వస్తే, చరిత్రను 1999 జనవరి 11 నుంచి చదవమని చెబుతాను. అరక్కోణం సమీపంలో డీఆర్‌డీవో పరీక్షిస్తున్న, పైన రాడార్ గుమ్మటం అమర్చిన ఆవ్రో విమానం కూలి శాస్త్రవేత్తలు, విమాన సిబ్బంది కలిపి ఎనిమిది మంది మరణించారు. ఐరావత్ పేరుతో సాగిన ఆ సొంత అవాక్స్ తయారీ కార్యక్రమం అక్కడితో ఆగింది. 2004లో ఇజ్రాయెల్, రష్యాలతో మూడు ఫాల్కన్ అవాక్స్ కోసం ఒప్పందం కుదిరింది. రష్యా ఐఎల్-76 విమానంపై ఇజ్రాయెల్ రాడార్ అమర్చిన మొదటి విమానం 2009 మే నెలలో మనకు చేరింది. వాటిని ఆగ్రాలోని 50వ స్క్వాడ్రన్ నడుపుతోంది. బెంగళూరులోని డీఆర్‌డీవో విభాగం క్యాబ్స్ బ్రెజిల్ ఎంబ్రాయర్ విమానంపై రూపొందించిన ముందస్తు హెచ్చరిక విమానం నేత్ర 2017 ఫిబ్రవరిలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన వేదికగా వైమానిక దళానికి అందింది; దాని స్థావరం పంజాబ్‌లోని భటిండా దగ్గర భీసియానా. ఆగ్రాలోనే ఐఎల్-78 ఇంధన విమానాల 78వ స్క్వాడ్రన్ కూడా ఉందని మ్యాప్‌పై గుర్తుపెట్టుకోండి. కాపలా విమానానికి గాలిలోనే ఇంధనం అందితే కాపలా గంటలు పెరుగుతాయి.

నన్ను వెంటాడిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. ఈ విమానంలో రెండు బృందాలు ఉంటాయి. ముందుభాగంలో విమానాన్ని నడిపే పైలట్లు, వారికి తోడుండే సిబ్బంది ఉంటారు. విమాన భద్రతపై తుది మాట కెప్టెన్‌దే. వెనుకభాగంలో తెరల ముందు మిషన్ బృందం కూర్చుంటుంది. కొందరు కనిపించిన ప్రతి చుక్కనూ పట్టి, మనదా పరాయిదా అని తేలుస్తారు. కొందరు శత్రు రాడార్లు, రేడియోలు విడుదల చేసే సంకేతాలను వింటారు. ఫైటర్ కంట్రోలర్లు మన యుద్ధవిమానాలతో నేరుగా మాట్లాడి దిశ, ఎత్తు, దూరం చెబుతూ వారిని సరైన చోటికి నడిపిస్తారు. వీరందరి పనినీ కూర్చి నడిపే బాధ్యత మిషన్ నాయకుడిది. వారు చూసిన చిత్రం డేటా లింకు ద్వారా నేలమీది సమీకృత వాయు నియంత్రణ వ్యవస్థకు, అంటే ఐఏసీసీఎస్‌కు చేరుతుంది. నేలపై కమాండింగ్ ఆఫీసర్, ఫ్లైట్ కమాండర్, ఇంజినీరింగ్ అధికారులు, విమానాన్నీ రాడార్‌నూ వేర్వేరుగా చూసుకునే టెక్నీషియన్లు ఉంటారు. రోజూ ఎక్కువ గంటలు పనిచేసేది ఈ చివరివాళ్లే, గైడ్లలో ఒక్క వాక్యం కూడా దక్కనిదీ వీళ్లకే.

నేత్ర విషయంలో ఒక అంశాన్ని తప్పక గీసి చూడండి. ఫాల్కన్ గుమ్మటం తిరగదు. లోపల త్రికోణంగా అమర్చిన మూడు యాంటెన్నాలు చుట్టూ 360 డిగ్రీలూ చూస్తాయి. నేత్ర వీపుమీది పొడవాటి యాంటెన్నా ఇరుపక్కలా 120 డిగ్రీల చొప్పున 240 డిగ్రీలు చూస్తుంది, ముక్కువైపు, తోకవైపు చూపు ఉండదు. అందువల్ల సరిహద్దుకు సమాంతరంగా, సాగదీసిన గుండ్రని బాటలో తిరగడమే దానికి అనువైనది. ఆ బాటలోని పొడవైన భాగం మీద ఎగురుతున్నంతసేపు విమానం పక్కభాగం శత్రువువైపే ఉంటుంది, మలుపు తిరిగే కొద్ది సేపు మాత్రం చూపు పక్కకు పోతుంది. ఆ మలుపు ఎప్పుడు తిరగాలో పైలట్, మిషన్ బృందం ముందే అనుకోవాలి. ముందుభాగం, వెనుకభాగం ఒకే దళంగా ఎందుకు సాధన చేయాలో ఈ ఒక్క బొమ్మ చెబుతుంది. నేను గ్రాఫ్ కాగితంపై ఆ బాటను గీసి, రెండు పక్కలా చూపు కోణాలను రంగు పెన్సిళ్లతో నింపి, గోడకు అంటించుకున్నాను.

ఈసారి ఏఎఫ్‌ఎస్‌బీలో లెక్చరెట్, అంటే చిన్న ప్రసంగం, కార్డుపై ఉన్న నాలుగు అంశాల్లో "వాయు రక్షణ" ఒకటి. మూడు నిమిషాల్లో విమానాల పేర్లు ఒక్కటీ జాబితాగా చదవలేదు. నాలుగు నిమిషాలు, అరగంట అన్న లెక్కతో మొదలుపెట్టి, షెఫీల్డ్ మీదుగా ఆగ్రాకు వచ్చి ముగించాను. ఇంటర్వ్యూలో అధికారి ఆ మాటనే పట్టుకుని, బల్లమీది తెల్ల కాగితం, పెన్సిలు నావైపు జరిపి, "మీ దగ్గర మూడు విమానాలు ఉన్నాయి, ఒక సెక్టారును ఇరవై నాలుగు గంటలూ కాయాలి, ఎలా కాస్తారు?" అన్నారు. ఒక్కో విమానం ఆరు గంటలు కాపలా ఇవ్వగలదని అనుకుంటే రోజుకు నాలుగు వంతులు కావాలనీ, మూడింటిలో ఒకటి భారీ మరమ్మతులో ఉంటే మిగిలిన రెండే ఆ నాలుగు వంతులనూ మోయాలనీ, రాకపోకల సమయం కలిపితే సిబ్బంది విశ్రాంతి మొదట దెబ్బతింటుందనీ గీసి చూపించాను. కనుక రోజంతా కాయడానికి బదులు ముప్పు ఎక్కువగా ఉన్న గంటలను ఎంచుకుని, మిగిలిన వేళ నేలమీది రాడార్లపై ఆధారపడాలని చెప్పాను. ఆయన అంగీకరించారో లేదో ముఖంలో తెలియలేదు, కానీ ఆ కాగితంమీదే మరో ఆరేడు ప్రశ్నలు వేశారు. ఆ సంభాషణ అయ్యాక గదిలోంచి బయటికి వస్తున్నప్పుడు నాకు కలిగిన నిశ్చింత మాటల్లో చెప్పలేనిది.

ఫైటర్ కంట్రోలర్ పని ఎందుకు ఎంచుకున్నావని అడిగితే 2019 ఫిబ్రవరి 27 గురించి చెప్పాను. ఆ రోజు పాకిస్తాన్ విమానాలతో జరిగిన వాయు పోరులో నేలమీది కేంద్రంలో కూర్చుని మన పైలట్లకు దారి చూపిన స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్‌కు అదే ఏడాది యుద్ధ సేవా పతకం లభించింది, ఆ పతకం అందుకున్న తొలి మహిళ ఆమె. తెర నేలమీద ఉన్నా గాలిలో ఉన్నా, ఆ గొంతులో స్థిరత్వం మీద పైలట్ ప్రాణం ఆధారపడుతుంది. ఈ జవాబు నేను బట్టీపట్టింది కాదు, నమ్మినది.

ఒకటో రెండో మార్కుల అంశానికి ఇన్ని వారాలు ఎందుకని ప్రిపరేషన్ రోజుల్లో చాలామంది నన్ను ప్రశ్నించారు. వారి లెక్క రాత పరీక్షకు సరైనదే, బోర్డు ముందు ఆ లెక్క పనిచేయదు. అక్కడ అడిగేది మనకు ఎంత తెలుసని కాదు, తెలిసినదాన్ని ఎంత లోతుదాకా తవ్వామని. నేను ఒక్క అంశాన్ని అడుగుదాకా చదివినందువల్లే క్షిపణి రక్షణ, డ్రోన్లు, ఇంధన విమానాలు, సరిహద్దు భూగోళం అన్నీ ఆ దారిలోనే వచ్చి కలిశాయి. ఉదయం లేవగానే మొదటి గంటను ఫోన్‌కు కాక మ్యాప్‌కు ఇవ్వండి. చదివిన వార్తను అదే రోజు రాత్రి మీ సొంత మాటల్లో పది వాక్యాలుగా రాయండి. మనసు లేని రోజున కూడా ఆ పది వాక్యాలు రాయగలిగినవారికి యూనిఫాం క్రమశిక్షణ కొత్తగా నేర్పవలసిన పని ఉండదు. ఈ మాట కొందరికి కఠినంగా తోచినా వెనక్కి తీసుకోను.

ఇదే పద్ధతిలో ఇంకా రెండు దళాలను మీరే చదువుకోవచ్చు. గోవాలోని ఐఎన్‌ఎస్ హంస నుంచి పనిచేసే నౌకాదళ 339 స్క్వాడ్రన్ కామోవ్-31 హెలికాప్టర్లను నడుపుతుంది. పొట్టకింద ముడుచుకుని ఉండే వాటి యాంటెన్నా గాలిలో విప్పుకుని తిరుగుతుంది. విమానవాహక నౌక మీద పెద్ద విమానం దిగలేని చోట అదే నౌకాదళానికి ఎత్తైన కన్ను, షెఫీల్డ్ కథ చదివినవారికి దాని విలువ వేరుగా చెప్పక్కరలేదు. రెండోది, ఎయిరిండియా వాడిన ఏ-321 విమానాలపై రానున్న నేత్ర మార్క్-2. దానికి ఎంతమంది ఆపరేటర్లు కావాలి, వారికి శిక్షణ ఎక్కడినుంచి రావాలి, ఏ స్థావరంలో నిలపాలి, ఏ ఇంధన విమానం తోడుండాలి అన్న నాలుగు ప్రశ్నలు కాగితంపై రాసుకుని, జవాబులను ప్రభుత్వ పత్రికా సమాచార బ్యూరో (పీఐబీ) ప్రకటనల్లో, పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికల్లో వెతకండి. ఆ నివేదికలు ఉచితంగానే దొరుకుతాయి.